బియ్యం సంచి మీది పాప

రాజమండ్రిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ప్రెస్సుల్లో, ఫ్లెక్సీ షాపుల్లో, స్వీటు కొట్లలో ఎవరినడిగినా "పాప బొమ్మ మేడమ్ గారా?" అంటారు. ఎవరి దగ్గరా జీతానికి కాకుండా, మా మేడమీది గదిలో నా కంప్యూటర్ ముందు కూర్చుని బతుకులో చాలా భాగం డిజైన్లు చేశాను. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, కడియం నర్సరీల కేటలాగులు, రొయ్యల మేత సంచులు, ఆవకాయ సీసాల లేబుళ్ళు, ఇలా ఎన్నో చేశాను. అవేవీ నా పేరుకి అతుక్కోలేదు. బియ్యం సంచి మీద గీసిన పాప ఒక్కటే అతుక్కుంది.

పోయినేడాది కళ్ళ డాక్టరుగారు ఇక చాలన్నారు. పని మానేశాను. ఇప్పుడు నా దగ్గరికి కుర్రాళ్ళు, ఆడపిల్లలు వస్తుంటారు. "ఫ్రీలాన్సింగ్‌లో పైకి రావాలంటే ఏం చెయ్యాలి మేడమ్?" అని అడుగుతారు. ఫోనెత్తమంటాను. చెప్పిన రోజుకి ఇవ్వమంటాను. ప్రింటయ్యేటప్పుడు స్వయంగా వెళ్ళి మిషను పక్కన నిలబడమంటాను. ఇవన్నీ నిజమే, రాసుకుని వెళ్తారు. కానీ నేను పైకొచ్చిన దారి అడిగితే మాత్రం ఒక్క బియ్యం సంచి గురించే చెప్పాలి. అది టీ తాగేలోపు చెప్పే కథ కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో నేను దేవీచౌక్ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. అన్నీ శుభలేఖలే. వినాయకుడి తొండం ఎటు తిరగాలి, మేనమామ పేరు పైన వెయ్యాలా కింద వెయ్యాలా అన్న తగువులతో రోజు గడిచిపోయేది. ఆ సెంటర్ యజమాని పెద్దాయన. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "నువ్విక్కడే ఉంటే శుభలేఖలు వేస్తూనే ముసలిదానివైపోతావమ్మా. బయటికెళ్ళి నీ పని నువ్వు చేసుకో" అన్నారు. వెళ్ళాను. ముందుగా నాకు నేనే విజిటింగ్ కార్డు డిజైన్ చేసుకున్నాను. చాలా అందంగా వచ్చింది. ఊరంతా పంచాను. ఒక్క ఫోనూ రాలేదు. చాలా రోజుల తర్వాత మా ఆయన చూసి చెప్పారు, అందులో ఫోన్ నంబరు తప్పు పడిందని.

అలాంటి రోజుల్లో మండపేట దాటాక ఉన్న ఒక పల్లె నుంచి రైస్ మిల్లు యజమాని ఒకాయన మెట్లెక్కి వచ్చారు. వెంట భార్య, ఆరేళ్ళ కూతురు. వాళ్ళ తమ్ముడి శుభలేఖ నేనే చేశానట. ఆయన చేతిలో గుడ్డసంచిలో బియ్యం ఉన్నాయి. నా టేబుల్ మీద గుప్పెడు పోసి చూపించారు.

"మా బియ్యం వైజాగ్ దాకా వెళ్తున్నాయండి. సంచి చూస్తే తెల్ల సంచి మీద ఆకుపచ్చ ఇంకుతో మిల్లు పేరొక్కటే. ఇప్పుడు రంగుల సంచులొస్తున్నాయి కదండీ. అన్నపూర్ణమ్మ తల్లి బొమ్మేసి మంచి సంచి చేసిపెట్టండి."

"దేవుడి బొమ్మ వద్దండీ. బియ్యం అయిపోయాక ఆ సంచి గుమ్మంలో కాళ్ళు తుడుచుకోడానికి వేస్తారు. మీకే బాధనిపిస్తుంది" అన్నాను.

ఆయన మెచ్చుకోలుగా తలూపారు. "అవునండోయ్, నాకు తట్టలేదు."

మేం మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల కుర్చీ ఎక్కి, టేబుల్ మీది బియ్యం రెండు చేతులా పోగుచేసి, పైకెత్తి, వేళ్ళ సందుల్లోంచి జారుతుంటే చూసి నవ్వుతోంది. నా దగ్గర అప్పుడే కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఉంది. తీసి వరసగా నొక్కుతూ పోయాను.

"ఈ బొమ్మ వేస్తేనో?" అన్నాను.

"అమ్మో, దిష్టి తగులుద్దండీ" అంది తల్లి.

"తగిలితే తీద్దాంలే, ఎండుమిరపకాయలు మనింట్లో లేవా ఏంటి?" అన్నాడు తండ్రి నవ్వుతూ. ఆ పిల్లనడిగితే, "నా బొమ్మ పెద్దగా వెయ్యాలి" అంది.

పెద్దగానే వేశాను. ఫోటో చూస్తూ రంగుల్లో గీశాను. రెండు జడలు, దోసిట్లో బియ్యం, నవ్వు. అప్పట్లో ఆ సంచులు హైదరాబాద్‌లో అచ్చయ్యేవి. మొదటి లోడు రాగానే ఆయన ఫోన్ చేశారు. "మేడమ్ గారండీ, పాపకి కామెర్లొచ్చినట్టున్నాయేంటండీ?" పరిగెత్తుకెళ్ళి చూశాను. పసుపు రంగు ఎక్కువై మొహం పచ్చగా మెరిసిపోతోంది. తర్వాతి లోడుకి నేనే రైలెక్కి వెళ్ళి, ప్రింటింగ్ మిషను పక్కన నిలబడి, బుగ్గలు ఎర్రబడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన మొదటి మంచి సంచి నిండా బియ్యం పోసి అన్నవరం పట్టుకెళ్ళి, సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుని వచ్చారు. నాకు ప్రసాదం తెచ్చి ఇచ్చారు.

ఆ సంచి ఎందుకు అంతగా నడిచిందో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. బియ్యం మంచివి, అది మొదటి కారణం. చదువురానివాళ్ళు కూడా కొట్టుకెళ్ళి "పాప బొమ్మ బియ్యం ఇవ్వండి" అనేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి డెల్టాలో ఆ మొహం లేని కిరాణా కొట్టు లేదు. మిల్లు పక్కన ఇంకో షెడ్డు లేచింది. నా మెట్లెక్కేవాళ్ళు కూడా పెరిగారు. "ఆ పాప బొమ్మ గీసినావిడ మీరేనా?" అనడం, కూర్చోవడం. ఇంకో కుర్చీ కొన్నాను, తర్వాత ఇంకో కంప్యూటర్. మా కాపురం ఒడ్డున పడింది. నా పనికి నేను చేసుకున్న ప్రచారం ఏదీ లేదు. ఆ పిల్ల నవ్వే ఊరూరా తిరిగి నా గురించి చెప్పింది.

ఆ పిల్ల మాత్రం పెరిగి పెద్దదైంది. బొమ్మకి ఆరేళ్ళే, పిల్లకి ఏటేటా వయసు వచ్చింది. స్కూల్లో అందరూ దాన్ని "బస్తా" అని పిలిచేవాళ్ళట. ఇంటర్ అయ్యాక డిగ్రీకి రాజమండ్రి హాస్టల్లో చేరింది. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చేది. వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసి, తినేసి, మేడమీదికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేది.

"ఆంటీ, మా హాస్టల్ మెస్సులో కూడా నేనే. వంటావిడ రోజూ నా తలకాయ దగ్గర కత్తిరించి బియ్యం పోస్తోంది" అని పడీ పడీ నవ్వేది.

నవ్వుతూ నవ్వుతూనే నా పని నేర్చుకుంది. అక్షరం పక్కన అక్షరం ఎంత దూరంలో ఉండాలో ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. మా గదిలో నేను జీతమిచ్చి పెట్టుకున్న సహాయకురాలు ఒకామె ఉండేది, ఎవర్నీ అంత సులువుగా మెచ్చుకోదు. ఆమె కూడా "ఈ పిల్ల చెయ్యి మంచిది మేడమ్" అంది. తండ్రికి మాత్రం కూతుర్ని బ్యాంకు పరీక్షలు రాయించాలని.

"నాన్నకి మీరు చెప్పండాంటీ. మీ మాటయితే వింటారు."

చెప్పాను. "చూద్దామండి, డిగ్రీ అవ్వనివ్వండి" అన్నారాయన.

ఒక ఆదివారం తనే సరదాగా వాళ్ళ మిల్లుకి కొత్త సంచి ఒకటి డిజైన్ చేసింది. మొహం లేదు, పువ్వుల్లేవు. తెల్లటి సంచి, పైన మిల్లు పేరు, మధ్యలో నిలువుగా ఒక కిటికీ. అక్కడ మాత్రం రంగు వెయ్యకుండా పల్చటి ప్లాస్టిక్‌నే వదిలేసింది, లోపలి బియ్యం బయటికి కనిపించేలా.

"నీ మొహం తీసేశావేంటే?" అన్నాను.

"ఎన్నాళ్ళుంటానాంటీ ఆరేళ్ళ పిల్లలా? అయినా బియ్యం కొనుక్కునేవాళ్ళకి బియ్యం చూపిస్తే చాలదా?"

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఇప్పుడున్న బొమ్మ నడుస్తోంది కదా, నువ్వు చదువయ్యాక చూద్దామన్నాను. ఫైలుకి తన పేరు పెట్టి నా కంప్యూటర్లో దాచింది.

ఆ వానాకాలంలో ఊళ్ళో ఎక్కడ చూసినా జ్వరాలు. హాస్టల్లో తనకీ వచ్చింది. మొదట మామూలు జ్వరమనుకున్నారు. డెంగీ అని తేలేసరికి ఆలస్యమైంది. ఇంటికి, అక్కణ్ణుంచి కాకినాడకి తీసుకెళ్ళారు. నేను ఐసీయూ బయట తల్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. లోపల్నించి తండ్రి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ నిలబడ్డంలోనే అర్థమైంది మాకు.

పెద్దకర్మకి ఫ్లెక్సీ కావాలన్నారు. ఇంకెవరికో ఇవ్వనిచ్చి ఊరుకోలేకపోయాను. కాలేజీ ఐడీ కార్డు ఫోటో ఇచ్చారు. ఆ మొహాన్ని నా అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరేమో. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైకి ఉంటుందని, చెంప మీద సొట్ట కుడివైపే పడుతుందని నా చేతికి తెలుసు. కింద "శ్రద్ధాంజలి" అని వెయ్యాలి. ఎన్నో వందల మందికి వేసిన మాట అది. ఎంతసేపటికీ వెయ్యలేకపోతే నా సహాయకురాలు వచ్చి, మౌస్ నా చేతిలోంచి తీసుకుని, తనే వేసింది.

పెద్దకర్మ రోజు పందిట్లో వాళ్ళ బంధువు ఒక ముసలావిడ, నేను వింటున్నానని తెలిసో తెలియకో, "బస్తాల మీద బొమ్మలేసి ఊరందరి దిష్టీ తగిలించారు పిల్లకి" అంది. నేను లేచి బయటికెళ్ళి మిల్లు గోడ దగ్గర నిలబడ్డాను. లోపల మిల్లు ఆపారు. ఆవరణలో లారీ ఒకటి సగం ఎత్తిన బస్తాలతో అలాగే ఉంది. లారీ మీద వరసలు వరసలుగా ఆ పిల్ల నవ్వుతోంది.

కొన్నాళ్ళకి ఆయన ఫోన్ చేశారు. "ఆ బొమ్మ తీసేద్దామండి. నేను మిల్లులోకి అడుగు పెట్టలేకపోతున్నాను."

నేను సరేననేలోపు తల్లి ఫోన్ తీసుకుంది. "వద్దక్కా. తీసెయ్యకండి. ఏ ఊరెళ్ళినా, ఏ కొట్టు ముందు బండి ఆగినా కనపడుద్ది. తీసేస్తే ఇంకెక్కడ చూడను నేను?"

అలా బొమ్మ ఉండిపోయింది. కొత్త లోడు అచ్చు వెయ్యడానికి మునుపటిలాగే హైదరాబాద్ వెళ్ళాను. మిషనులోంచి ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, రంగు చూడాల్సినదాన్ని, చూడలేక ఆపరేటర్నే చూడమన్నాను.

మరుసటి ఏడు ఆషాఢంలో పిల్ల తల్లి పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్ళింది. చెల్లెలు బలవంతాన తీసుకెళ్ళిందట, నలుగుర్లో తిరిగితే కాస్త తేరుకుంటుందని. ఆ తర్వాత నెలరోజులకి ఆయన నాకు ఫోన్ చేశారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"మేడమ్ గారూ, ఒకసారి ఇంటికి రాగలరా? మా ఇంటావిడతో మీరు మాట్లాడాలండి. జాతర నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఖాళీ సంచులు ఏరుకొస్తోంది."

వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి మెల్లగా చెప్పారు. ఆటో కట్టించుకుని ఊళ్ళు తిరుగుతోందట. చేపల మార్కెట్లో, ఇటుక బట్టీల దగ్గర, రోడ్డు పక్క టిఫిన్ బళ్ళ దగ్గర ఎక్కడ ఆ సంచి కనపడినా అడిగి తెచ్చుకుంటోందట. ఇవ్వనంటే కొత్త గోనె పట్టా కొనిచ్చి మార్చుకుంటోందట.

"దేవుడి బొమ్మయితే తొక్కుతారని ఆ రోజు వద్దనుకున్నాం కదండీ" అన్నారాయన. "మనిషి బొమ్మ సంగతి మన ఇద్దరికీ తట్టలేదు."

నన్ను లోపలికి తీసుకెళ్ళి పిల్ల గది తలుపు తీశారు.

మంచం మీద, బల్ల మీద, కిటికీ గట్టు మీద, నేల మీద గోడ పొడవునా సంచులు. అన్నీ ఉతికి, ఆరబెట్టి, చీరల్లా మడతపెట్టి ఉన్నాయి. ప్రతి మడతా మొహం పైకొచ్చేలా పెట్టింది. కొన్నింటి మీద కన్ను చెరిగిపోయింది. కొన్నింటికి చిరుగులున్న చోట దారంతో కుట్టింది. ఆవిడ నేలమీద కూర్చుని ఇంకో సంచికి అంటుకున్న బురదని తడిగుడ్డతో తుడుస్తోంది.

"రండక్కా, కూర్చోండి" అని, కూర్చోడానికి చోటు లేదని చూసి, తనే లేచి వంటింట్లోంచి కుర్చీ తెచ్చింది.

"జాతర్లో వాన పడిందక్కా" అని తనే మొదలుపెట్టింది. "గుడి వెనకాల అంతా బురద. జనం సంచులు పరుచుకుని కూర్చుని అన్నాలు తింటున్నారు. అన్నీ ఇదే. ఒకావిడ నేను నిలబడి చూస్తుంటే, చోటు కోసం చూస్తున్నాననుకుంది పాపం. పక్కకి జరిగి, 'రామ్మా, ఇక్కడ కూర్చో' అని చేత్తో తట్టి చూపించింది. సరిగ్గా దాని మొహం మీద తట్టి చూపించింది."

ఆవిడ గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"ఆవిణ్ణేమీ అనలేదక్కా. మంచిగా పిలిచింది. నేనే అక్కడ కూర్చోలేకపోయాను." తలెత్తి అడిగింది. "మీకు తెలుస్తుంది కదా, ఇంకా బయట ఎన్నుంటాయి?"

ఒక్కో లోడుకి ఎన్ని సంచులు అచ్చవుతాయో నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఎన్ని లోడ్లో కూడా తెలుసు. ఆవిడ నా మొహం చూసి మళ్ళీ అడగలేదు.

నేను పని చేసుకుని బతికినదాన్ని. బాధ ఎదురైనప్పుడు కూడా నా బుర్ర పనిలోనే దారి వెతుక్కుంటుంది. దారిలో వస్తూ ఆలోచించుకున్నదే చెప్పాను. నడుస్తున్న బొమ్మని మార్చాల్సి వస్తే ఒక్కసారి మార్చరు. ఈసారి కాస్త చిన్నది చేస్తారు, వచ్చేసారి కాస్త పక్కకి తిప్పుతారు, ఆ తర్వాత రంగు తగ్గిస్తారు. కొనేవాళ్ళకి తెలియకుండానే పాత బొమ్మ పోయి కొత్తది వచ్చేస్తుంది. మా పనిలో అది అందరూ ఒప్పుకున్న పద్ధతి. వ్యాపారం దెబ్బతినదు. ఆవిడకీ ఒక్కసారిగా పోయినట్టుండదు అనుకున్నాను.

అంతా విని ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది.

"ఒకసారి పోయింది చాలదా అక్కా? మళ్ళీ కొంచెం కొంచెంగా పోవాలా?"

గుమ్మంలో నిలబడ్డ ఆయన తల తిప్పేసుకున్నారు.

"తీసెయ్యండి" అంది ఆవిడే మళ్ళీ. "ఉంచమన్నది నేనే. ఇప్పుడు నేనే చెప్తున్నాను. ఒక్కసారే తీసెయ్యండి."

నేను రాజమండ్రి వచ్చి వాళ్ళ అమ్మాయి దాచిన ఫైలు తెరిచాను. దాన్లో ఒక్క గీత కూడా మార్చలేదు. ప్రింటుకి పనికొచ్చేలా కొలతలు సరిచేశాను, అంతే. కాగితం మీద తీసి మర్నాడు పట్టుకెళ్ళి ఇద్దరి ముందూ పెట్టి, ఇది ఎవరు చేశారో చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నారు. "బ్యాంకు పరీక్షలు రాయమన్నాను దాన్ని" అన్నారు.

డీలర్లని పిలిచి చెప్పారు. నేనూ ఉన్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. జరిగింది అందరికీ తెలుసు, అందరూ పెద్దకర్మకి వచ్చినవాళ్ళే. అయినా వైజాగ్ డీలరు చేతులు జోడించి అన్నాడు.

"మీ బాధ మాకు తెలుసండి. కానీ జనం పేరు చూసి కొనరు, పాపని చూసి కొంటారు. మీరు తీసేసిన మర్నాడు పక్క మిల్లువాడు అలాంటి పిల్లనే వేసుకుంటాడు. అప్పుడేం చేస్తారు?"

"వేసుకోనివ్వండి" అన్నారాయన. "ఆ పిల్ల ఎవరి పిల్లో, చల్లగా ఉండాలి."

ఇక మిగిలింది గోడౌన్లో ఉన్న పాత సంచులు. అచ్చయి వచ్చి, ఇంకా బియ్యం పొయ్యనివి, కట్టలు కట్టలుగా పైకప్పు దాకా ఉన్నాయి. మర ఆడుతూనే ఉంది, లోడ్లు ఆగవు, కొత్త సంచులు రావడానికి టైము పడుతుంది. ఆయన మేస్త్రీని పిలిచి, "అవన్నీ చెరువు గట్టున వేసి కాల్పించెయ్" అన్నారు.

"ఒకసారి కాల్చారు కదండీ" అంది ఆవిడ వెనకనుంచి. ఆవిడ మిల్లులోకి వచ్చినట్టు మేమెవరం చూడలేదు. పిల్ల పోయాక ఆ ఆవరణలో అడుగుపెట్టడం అదే మొదలు.

ఆవిడ ఒక కట్ట ముందు కూర్చుని, పైసంచి తీసి, మూతి విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు మూల పట్టుకుని లాగింది. సంచి తిరగబడింది. పైన తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. బొమ్మ లోపలికి పోయింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

మిల్లులో ఊక ఎత్తే ఆడవాళ్ళు ముందుగా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. తర్వాత నేను. ఆ సంచి బిరుసుగా ఉంటుంది, మోచేతులు గీసుకుపోతాయి. సాయంత్రం దాకా తిప్పాం, మర్నాడు వచ్చి మళ్ళీ తిప్పాం. హమాలీలు వాటిలోనే బియ్యం పోసి, మూతి కుట్టి, ఏ పేరూ లేని తెల్ల బస్తాలుగా లారీకెత్తారు. వాటిని కొన్నవాళ్ళెవరూ అంతకు మునుపటి కథ ఎరగరు. ఎవరో ఒకరు అడుగున గింజలు దులుపుకోడానికి తిరగేసి ఉంటారు, లోపల నవ్వుతున్న పిల్లని చూసి అచ్చు తప్పు అనుకుని ఉంటారు.

డీలరు చెప్పినట్టే జరిగింది. పక్క మిల్లు సంచి మీద ఇంకో పాప వచ్చింది. వాళ్ళ మనిషి ముందు నా దగ్గరికే వచ్చాడు, పాతబొమ్మ లాంటిదే గియ్యమని. గియ్యనన్నాను. ఇంకెవరో గీశారు. మిల్లాయన వ్యాపారం సగానికి పడింది. రెండో షెడ్డు అద్దెకిచ్చేశారు. మెల్లగా కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఆ తర్వాత కిటికీ ఉన్న సంచులు చాలామంది అడిగి మరీ చేయించుకున్నారు నాతో. "ఈ ఐడియా భలే ఉంది మేడమ్" అంటే, నాది కాదని ప్రతిసారీ చెప్పాను. వినయం అనుకున్నారు.

ఇంతవరకే అయితే ఈ కథ ఇక్కడ ఆపేదాన్ని. పోయిన నెలలో పని గది ఖాళీ చేస్తూ, పాత సీడీలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసుకుంటున్నాను. ఒకదాంట్లో ఆనాటి కెమెరా ఫోటోలు కనిపించాయి, మిల్లాయన మొదటిసారి మా గదికొచ్చిన రోజువి. వాటిలో బొమ్మకి పనికొచ్చింది ఒక్కటే. మిగతావన్నీ పక్కన పడేసినవి. కళ్ళు మూసుకున్నవి, కదిలిపోయినవి. తల్లికి ఫోన్ చేశాను. ఆవిడ మర్నాడే బస్సెక్కి ఒక్కతే వచ్చింది.

నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి మొదటి ఫోటో తెరిచాను. సంచి మీది పాపని నేను చూస్తూ గీసిన ఫోటో అది. పిల్ల నవ్వుతోంది. నోట్లో ముందు పళ్ళు రెండూ లేవు. సంచి మీద అలా బాగోదని ఆనాడు నేనే పళ్ళు గీసిపెట్టాను. ఇన్నేళ్ళూ ఊరందరూ చూసింది ఆ పళ్ళనే.

ఆవిడ స్క్రీన్ దగ్గరికి వంగింది.

"అయ్యో, అప్పటికి దీనికి పళ్ళూడాయి కదా! నేనే మర్చిపోయాను." చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసరమంటే, ఇవ్వనని గుప్పెట్లో పెట్టుకుని నిద్రపోయిందక్కా."

తర్వాతది తెరిచాను. అందులో పిల్ల బియ్యం నోట్లో పోసుకుంటోంది, పక్కనుంచి తల్లి చెయ్యి మాత్రం అడ్డుకోడానికి వస్తూ ఫోటోలో పడింది. ఆవిడ తన చేతిని తను చూసుకుంది. దాని తర్వాతది. తుమ్ముతోంది. ఆ తర్వాతది. కుర్చీ దిగుతోంది, జడే కనిపిస్తోంది.

"ఇంకా ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి చెల్లెమ్మా."

"మెల్లగా చూపించండక్కా. ఇవి నేను చూడనివి."